సార్జెంట్ నీటిరంగుల చిత్రాలు

అమెరికన్ చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ (1856–1925) ఆరుబయట కూర్చుని వేసిన నీటిరంగుల చిత్రాలు ఈ మాధ్యమంలో ఉత్తమ రచనలుగా ప్రసిద్ధి చెందాయి. నీటిరంగులలో ఒకసారి పడిన పూతను పూర్తిగా తొలగించడం కష్టం. ఏది ముందు వేయాలి, ఏది వదలిపెట్టాలి అన్న నిర్ణయం కుంచె కాగితాన్ని తాకకముందే జరగాలి. ఆ నిర్ణయాలు స్పష్టంగా కనిపించడం వలన ఈ చిత్రాలు అభ్యాసకులకు పాఠ్యగ్రంథం వలె ఉపకరిస్తున్నాయి.

నేపథ్యం

సార్జెంట్ ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో అమెరికన్ దంపతులకు జన్మించాడు. తల్లి స్వయంగా నీటిరంగుల చిత్రాలు వేసేది. 1874లో పారిస్ చేరి కారొలుస్-ద్యూరాన్ వద్ద శిక్షణ పొందాడు. తైలవర్ణ రూపచిత్రాలతో గొప్ప పేరు గడించి, 1907 ప్రాంతంలో వాటిని చాలావరకు మానివేశాడు. ఆ తరువాత ఆల్ప్స్ పర్వతాలు, వెనిస్, కోర్ఫు ద్వీపం, కరారా పాలరాతి గనులు మొదలైన చోట్ల విస్తారంగా నీటిరంగుల చిత్రాలు వేశాడు.

చిత్రణ పద్ధతి

చిత్రాలు త్వరత్వరగా వేసినట్లు కనిపించినా, వాటిలో చాలావాటికి అడుగున పెన్సిల్ రేఖలున్నాయి. వెలుగు కొరకు చాలాచోట్ల కాగితపు తెలుపునే వదలిపెట్టాడు. "కోర్ఫు: వెలుగునీడలు" (1909) చిత్రంలో తెల్లని గోడపై పడిన చెట్లనీడలను నీలి, ఊదా ఛాయలతో చూపాడు. గోడ తెల్లదనం నీడల వలననే తెలుస్తుంది. "తెల్ల ఓడలు" (1908) చిత్రంలో మైనం రాసిన చోట రంగు అంటకుండా చేశాడు. అవసరమైనప్పుడు అపారదర్శకమైన రంగులను కూడా వాడాడు. పారదర్శకమైన పూతలే వాడాలన్న నియమాన్ని ఆయన పాటించలేదు.

అధ్యయన విధానం

మొదట చిత్రంలోని వెలుగునీడలను ఒకే రంగుతో మూడు నాలుగు స్థాయిలుగా విభజించి చిన్న నమూనా వేసుకోవాలి. తరువాత పూతల అంచులను పరిశీలించాలి. అంచు పదునుగా ఉంటే అడుగు పూత ఆరిన తరువాత రంగు వేసినట్లు. అంచు మెత్తగా కలిసిపోతే తడి మీదనే వేసినట్లు. దీనిని బట్టి పూతల వరుసను ఊహించవచ్చు. పిమ్మట చిత్రమంతా కాక, ఒక కిటికీనో ఒక నీడనో ఎంచుకొని నకలు వేయడం మంచిది. చివరగా అదే సూత్రాన్ని ఎండలో ఉన్న ఏదైనా సున్నపు గోడపై ప్రయత్నించాలి. ఈ చివరి మెట్టు లేకపోతే అభ్యాసం అనుకరణతోనే ఆగిపోతుంది. రేఖాచిత్రణపై పట్టు లేకుండా కుంచె వేగాన్ని మాత్రమే అనుకరించడం సాధారణంగా జరిగే పొరపాటు.

పరిమితులు

అచ్చు ప్రతులలో కాగితపు తెలుపునకు, పైన వేసిన తెల్లరంగునకు గల భేదం సరిగా తెలియదు. కాగితపు గరుకుదనం, అసలు పరిమాణం కూడా మరుగున పడతాయి. నీటిరంగులు వెలుతురుకు వెలిసిపోయే స్వభావం కలవి. అందువలన సంగ్రహాలయాలు మూలచిత్రాలను కొద్దికాలమే ప్రదర్శించి, తిరిగి చీకటిలో భద్రపరుస్తాయి.

సంగ్రహాలయాలు

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ మ్యూజియం 1909లో 83 చిత్రాలను, బోస్టన్ లలితకళల మ్యూజియం 1912లో 45 చిత్రాలను కొనుగోలు చేశాయి. 2013లో ఈ రెండు సంస్థలు కలిసి తమ సేకరణలతో ప్రదర్శన నిర్వహించాయి. పైన పేర్కొన్న వాటిలో "తెల్ల ఓడలు" బ్రూక్లిన్‌లోను, "కోర్ఫు: వెలుగునీడలు" బోస్టన్‌లోను ఉన్నాయి.