ఉపాధ్యాయుల దృష్టిలో వేధింపు: తీవ్రతను కొలిచిన చరిత్ర

బడిలో బలం గల పిల్లలు బలం లేని పిల్లలను పదేపదే బాధపెట్టడాన్ని నేడు బుల్లీయింగ్ అంటున్నారు. దానిని ఉపాధ్యాయులు ఎంత తీవ్రంగా పరిగణిస్తారో కొలిచే ప్రయత్నానికి మూలాలు, ఈ విషయంపై ప్రత్యేక పరిశోధన మొదలవడానికి నాలుగు దశాబ్దాల ముందే, 1928లో అమెరికాలో వెలువడిన ఇ.కె. విక్‌మన్ అధ్యయనంలో కనిపిస్తాయి. విక్‌మన్ పిల్లల ప్రవర్తనలోని 50 సమస్యలను జాబితాగా రాసి, ఐదు వందల మందికి పైగా ఉపాధ్యాయులకు ఇచ్చి, ఒక్కొక్కటి ఎంత తీవ్రమైనదో గుర్తించమన్నాడు. అదే జాబితాను 30 మంది మానసిక ఆరోగ్య నిపుణులకూ ఇచ్చాడు. దొంగతనం, అబద్ధం, ఎదురుచెప్పడం ఉపాధ్యాయులకు తీవ్రంగా తోచగా, ఎవరితోనూ కలవకుండా ముడుచుకుపోవడం, దిగులు, భయం నిపుణులకు అంతకంటే ప్రమాదకరంగా తోచాయి. క్రూరత్వాన్ని, తోటివారిని వేధించడాన్ని మాత్రం ఇరువర్గాలూ పై వరుసలోనే నిలిపాయి. అంటే వేధించే పిల్లవాడి దుడుకుతనం ఉపాధ్యాయుల కంటపడింది గాని, వేధింపుకు గురైన పిల్లవాడిలో కనిపించగల మౌనం వారికి చిన్న విషయంగానే మిగిలింది.

ఇంతమాత్రాన ఉపాధ్యాయులను తప్పుపట్టడం న్యాయం కాదు. ప్రస్తుతం ఎదురవుతున్న ఇబ్బందిని బట్టి వెంటవెంటనే గుర్తించమని వారికి చెప్పి, పిల్లల భవిష్యత్తును బట్టి అంచనా వేయమని నిపుణులకు చెప్పినప్పుడు జవాబులు వేరుగా రావడంలో వింత లేదని తర్వాతి విమర్శకులు ఎత్తిచూపారు.

1982 చివర నార్వేలో ముగ్గురు బాలురు, బహుశా తోటివారి వేధింపుల వల్ల, ఆత్మహత్య చేసుకున్న దరిమిలా, 1983లో అక్కడి ప్రభుత్వం బుల్లీయింగ్‌కు వ్యతిరేకంగా దేశవ్యాప్త ఉద్యమం చేపట్టగా, పరిశోధకుడు డాన్ ఓల్వేయుస్ పేరు రాయనక్కరలేని ప్రశ్నావళితో పిల్లలనే నేరుగా అడిగాడు. ఉపాధ్యాయుల అంచనాను కొలిచే పని ఆ తర్వాత సన్నివేశాల పద్ధతిగా రూపుదిద్దుకుంది. నాలుగైదు వాక్యాల్లో ఒక ఘటనను వర్ణించి, చదివినవారి అభిప్రాయాన్ని అంకెల్లో రాబట్టడమే ఈ పద్ధతి. 2001లో పరిశోధకుడు హాజ్లర్ బృందం ఇలా ఉపాధ్యాయులను, బడి కౌన్సెలర్లను పరీక్షించగా, కొట్టడం, కొడతానని బెదిరించడం ఉన్న ఘటనలే, అవి బుల్లీయింగ్ నిర్వచనానికి సరిపోయినా సరిపోకపోయినా, వారికి ఎక్కువ తీవ్రంగా కనిపించాయి.

2003లో యూన్, కెర్బర్ అనే పరిశోధకులు కొట్టడం, తిట్టడం, వెలివేయడం అనే మూడు రకాలకు చెందిన ఆరు సన్నివేశాలను ఉపాధ్యాయుల ముందుంచి, ఘటన ఎంత తీవ్రమైనది, బాధితునిపై ఎంత సానుభూతి కలుగుతుంది, తాము కల్పించుకునే అవకాశం ఎంత అని అడిగారు. ఆటలో చేర్చుకోబోమని తోటివారు తరిమివేయగా ఒంటరిగా మిగిలిన పిల్లవాడి విషయంలో ఈ మూడు అంకెలూ తగ్గాయి. తీవ్రతను ఒక్కదాన్నే కాక దాని వెంట వచ్చే చర్యనూ అడగడం వల్ల, ఉపాధ్యాయుడు తేలికగా తీసుకున్న వేధింపులో పిల్లవాడికి సాయం అందే అవకాశం కూడా తక్కువేనని ఈ కొలత బయటపెట్టగలిగింది.