క్రిస్మసు పండ్ల ఫడ్జ్ – దాని పూర్వ చరిత్ర

మన అధ్యక్షఖండ శతవార్షికోత్సవ సంచికలో దేవాలయముల కట్టడములను గురించి, పూర్వపు బోధకులను గురించి, పాఠశాలలను, ఆసుపత్రులను గురించి వ్రాయువారు అనేకులున్నారు. మేము స్త్రీల మైత్రి వారము. మాకు తెలిసిన వంటింటి చరిత్రను వ్రాయుటకు అనుమతి కోరగా సంపాదక వర్గమువారు చిరునవ్వుతో ఒప్పుకున్నారు. ఆ నవ్వినవారే నిరుడు మా అమ్మకములో పండ్ల ఫడ్జ్ పొట్లములు రెండేసి కొన్నారు గనుక వారి నవ్వును మేము పట్టించుకొనలేదు.

ఫడ్జ్ అనగా ఏమిటో ఎరుగనివారి కొరకు ఒక మాట. పంచదార, పాలు, వెన్న కలిపి ఉండపాకము వచ్చేవరకు కాచి, చల్లార్చి, గరిటెతో బాగా మెదిపి, నెయ్యి రాసిన పళ్ళెములో పోసి ముక్కలు కోసినదే ఫడ్జ్. మన పాలకోవాకు దగ్గరి చుట్టము. పాలకోవాలో పాలు ఎక్కువ, పంచదార తక్కువ. ఫడ్జ్‌లో పంచదారదే పెత్తనము. మా పెద్దలు దీనిని కోవా బిళ్ళలు అనేవారు. పొయ్యి, మూకుడు, గరిటె ఉంటే చాలును. క్రిస్మసు కేకుకు పిండి కలిపి, డబ్బాలలో పోసి, బేకరీకి మోసుకుపోయి, అక్కడ వరుసలో నిలబడి కాల్పించుకొని తెచ్చుకున్న కాలము మాలో చాలమందికి జ్ఞాపకమున్నది. బేకరీ లేని పల్లెలలో ఆ మాటే లేదు. అట్టి ఇండ్లలోనికి అరిసెలు, గులాబి పువ్వులతోపాటు ఫడ్జ్ కూడ సులువుగా ప్రవేశించినది.

ఇది పుట్టినది అమెరికాలో. పుట్టించినవారిలో ఎక్కువమంది చదువుకొను ఆడపిల్లలు. న్యూయార్కు రాష్ట్రములోని వాసర్ కళాశాల స్త్రీల ఉన్నత విద్య కొరకు 1861లో స్థాపించబడినది. అక్కడ చదివిన ఎమెలిన్ హార్ట్‌రిడ్జ్ అను ఆమె వ్రాసిన ఒక ఉత్తరము దొరికినందున ఈ మిఠాయి తొలి సంగతులు మనకు తెలిసినవి. 1886లో బాల్టిమోరు నగరములో ఒక కిరాణా దుకాణమున ఇది పౌను 40 సెంట్లకు అమ్ముడుపోయేదట. తన స్నేహితురాలి ద్వారా ఆ వంట విధానము సంపాదించి, 1888లో కళాశాలలో జరిగిన వేలము పాట కొరకు ఆమె 30 పౌనులు వండినది. అటు తరువాత వెల్స్‌లీ, స్మిత్ కళాశాలల పిల్లలు కూడ ఎవరి పద్ధతి వారు కల్పించుకున్నారు. రాత్రివేళ పెద్దలు పడుకున్నాక వసతి గదులలో చిన్న దీపపు సెగమీద కాచేవారు. ఆడపిల్లకు కళాశాల చదువేమిటి అని ఇంకా వాదము నడుచుచున్న రోజులవి.

మన సంఘ చరిత్రకు ఆ దశాబ్దము కొత్త కాదు. డాక్టరు ఆన్నా కుగ్లర్ అమ్మగారు 1883లోనే గుంటూరు చేరి యున్నారు. ఆమె ఇక్కడ ఫడ్జ్ వండినదని మేము చెప్పబోము. ఆమెకు రోగులను చూచుటకే ప్రొద్దు చాలలేదు. అయితే ఆమె తరమువారైన చదువుకున్న అమెరికా స్త్రీల గదులలోనుండియే ఈ వంట లోకమునకు వచ్చినదని జ్ఞాపకముంచుకొనుట మంచిది.

మొదట ఇందులో చాకొలెట్టు వేసేవారు. పండ్లు వేయుట మాత్రము అమెరికావారి సొత్తు కాదు. స్కాట్లండులో ఫడ్జ్‌కు పెద్దక్క వంటి టాబ్లెట్ అను మిఠాయి ఉన్నది. 1736లో గ్లాస్గోలో అచ్చయిన మెక్‌లింటాక్ అమ్మగారి వంట పుస్తకములోనే నారింజ టాబ్లెట్ ఉన్నది. ఇంకను వెనుకకు పోయినచో మన చేతిలోని పరిశుద్ధ గ్రంథమే సాక్ష్యము. దావీదు మందసమును యెరూషలేమునకు తెచ్చిన దినమున స్త్రీ పురుషులందరికిని పంచిపెట్టిన వాటిలో ద్రాక్షపండ్ల అడ ఒకటి. అబీగయీలు తన ఇంటిని కాపాడుకొనుటకు గాడిదలమీద వేసుకొని వెళ్ళిన సరకులో నూరు ఎండు ద్రాక్షగెలలు, రెండు వందల అంజూరపు అడలు ఉన్నవి. పండును ఎండబెట్టి, ముద్ద చేసి, పండుగనాడు పంచుట ఆనాటినుండి ఉన్నదే. ఆ కాలమున తీపి అనగా తేనె, పండు, ఖర్జూరము. మనము ఎరిగిన పంచదార వారెరుగరు.

పంచదార సంగతి వచ్చినది గనుక కొంచెము ఆగవలసియున్నది. మేము ఈ వ్యాసమునకు పూనుకొనినప్పుడు ఇది తీపి కబురుగానే సాగిపోవునని తలంచాము, కాని చదివిన కొలది చేదు సంగతులే ఎదురైనవి. పదునెనిమిదవ శతాబ్దములో ఇంగ్లండు బల్లలమీది పంచదార వెస్టిండీస్ దీవులలో ఆఫ్రికా బానిసలు పండించినది. 1791లో విలియం ఫాక్స్ అనునతడు ఆ పంచదార మానుకొనుడని ఒక చిన్న కరపత్రము అచ్చువేసినాడు. సుమారు మూడు లక్షలమంది మానుకొనినట్లు థామస్ క్లార్క్‌సన్ లెక్క కట్టినాడు. ఏ ఇంట ఏ సరకు కొనవలెనో నిర్ణయించునది గృహిణియే గనుక ఆ ఉద్యమము చాలవరకు స్త్రీల చేతులలో నడిచినది. వారికి ఓటు లేదు. పంచదార గిన్నె మాత్రము వారి స్వాధీనములో ఉన్నది. 1824లో ఎలిజబెత్ హెరిక్ అను ఆమె, బానిసత్వము క్రమక్రమముగా కాదు, వెంటనే పోవలెనని వ్రాసి మగ నాయకులకు కోపము తెప్పించినది. తుదకు చట్టము 1833లో వచ్చినది, 1834 ఆగస్టు 1న అమలైనది.

అప్పుడు చెరకు తోటలకు మనుష్యులు ఎక్కడినుండి రావలెను? మన దేశమునుండి. బానిస అను పేరు పోయి ఒప్పందపు కూలి అను పేరు వచ్చినది. 1834లోనే మారిషసుకు కూలీల ఓడ వెళ్ళినది. నేటాలు చెరకు తోటల కొరకు మద్రాసులో బయలుదేరిన ట్రూరో అను ఓడ 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరినది. తరువాతి సంవత్సరములలో మన తెలుగు జిల్లాలనుండి వేలకొలది మంది ఆ దారినే పోయిరి. వారిలో మన క్రైస్తవులును ఉన్నారు. వారికి కాపరి లేడని విని, నెల్లూరు వైపు తెలుగు బాప్తిస్టు సంఘములవారు తమ కానుకలతో జాన్ రంగయ్యగారిని 1903లో నేటాలుకు పంపిరి. ఆ యేటనే కియర్స్నీలో తెలుగు బాప్తిస్టు సంఘము ఏర్పడినది. పరదేశ మిషనెరీలు మన యొద్దకు వచ్చిరని మాత్రమే ఉపన్యాసములలో వింటూ ఉంటాము. మనవారు పిడికెడు బియ్యము కూడబెట్టు రోజులలోనే సముద్రము దాటి మిషనెరీని పంపినారన్న మాట అంత గట్టిగా వినబడదు. చెరకు గానుగ వెనుక మన బంధువులున్నారు. మూకుడులో పంచదార పోయునప్పుడు ఆ సంగతి పిల్లలకు చెప్పవచ్చును.

ఇక వంట. అరకిలో పంచదారకు 300 మిల్లీలీటర్ల చిక్కని గేదె పాలు, 80 గ్రాముల వెన్న మా లెక్క. పంచదార పూర్తిగా కరిగిన తరువాతనే మంట పెంచవలెను. అంచులకు పలుకులు అంటియుంటే తడిగుడ్డతో తుడిచివేయవలెను. ఒక్క పలుకు మిగిలినను అదే విత్తనమై మొత్తము గరుకెక్కును. థర్మామీటరు ఉన్నవారు 114 డిగ్రీల సెంటీగ్రేడు చూచుకొందురు. లేనివారు చన్నీళ్ళ గిన్నెలో చుక్క వేసి, వ్రేళ్ళతో మెత్తని ఉండ కట్టినదా లేదా చూతురు. మన అమ్మమ్మలు ఉండపాకము అన్నది ఇదియే. థర్మామీటరు చెప్పునదియు ఇదియే. దించిన పిమ్మట చేయి పెట్టుకొనగల వెచ్చదనము వచ్చువరకు కదిలించరాదు. వేడిగా ఉండగా కలిపినచో పెద్ద పలుకులు ఏర్పడును. చల్లారిన తరువాత కలిపినచో నాలుకకు తెలియనంత సన్న పలుకులు ఏర్పడును. తళతళ పోయి మసక తేలగానే పళ్ళెములో పోయవలెను.

పండు దగ్గర మేము బాగా దెబ్బతిన్నాము. ఒక సంవత్సరము పండుగకు నాలుగు దినములు ముందు అనాస రసము తీసి తిన్నగా మరుగుచున్న పాలలో పోశాము. పాలు విరిగి, మూకుడులో తీపి మజ్జిగ మిగిలినది. మరియొకసారి వెన్న, పంచదార కాగినాక నిమ్మరసము పోస్తే పాలు విరగకపోయినను ముద్ద గట్టిపడలేదు. పులుపు పంచదారను రెండుగా చీల్చి పలుకు కట్టనీయదని తరువాత ఒక సైన్సు టీచరమ్మ చెప్పినది. ఆ ముద్దను చెంచాలతో తిన్నాము. రెండు కిలోల పంచదార అది. ఆ యేటి అమ్మకములో అంత తక్కువ వచ్చినది.

కనుక పచ్చి రసము కాదు, నీరు పోయిన పండు కావలెను. క్రిస్మసుకు మామిడిపండు ఎక్కడిది అని అడుగవచ్చును. మామిడి తాండ్ర ఉన్నది గదా. గోదావరి వైపు ఆత్రేయపురము తాండ్రకాని, విజయనగరము వైపు భీమాలి తాండ్రకాని వంద గ్రాములు సన్నగా కోసి, ముద్ద మసకబారినప్పుడు ఆఖరున కలిపితే పులుపు, తీపి రెండును నిలుచును. జామపండు ఆ కాలములోనే దొరకును. గింజలు వడకట్టి, గుజ్జును వేరుగా దగ్గర పడువరకు మగ్గించి వేయవలెను. కమలాపండు తొక్క తురుము, ఎండు ద్రాక్ష ఎవరైనను వేయవచ్చును. బొప్పాయితో చేయు రంగు రంగుల టూటీ ఫ్రూటీ పిల్లలకు ఇష్టము. మాకు అంతగా ఇష్టము లేదు.

చివర ఒక సంగతి. మాలో కొందరము పల్లెలలో పుట్టినవారము. మా చిన్ననాడు క్రిస్మసు ఉదయము మా తల్లులు ఊరిలోనికి పళ్ళెములు పంపేవారు. ఆ పళ్ళెములలో అరటిపండ్లు, కొబ్బరికాయ, పొట్లములో పంచదార ఉండేవి. వండినది ఏదియు ఉండేది కాదు. మా గూడెములో వండినది ఊరివారు పుచ్చుకొనరు. పండుకు దోషము లేదు. రాత్రంతా కూర్చుండి వండిన అరిసెలు ఇంటనే ఉండిపోయేవి. ఎందుకమ్మా అని అడిగితే, వారికి పండ్లంటే ఇష్టము అని చెప్పేవారు. చాలకాలము మేము దానిని నమ్మాము.

కొన్ని సంవత్సరముల క్రిందట మాలో ఒకరు పండుగకు పుట్టినింటికి వెళ్ళి, తాండ్ర వేసిన ఫడ్జ్ ఒక పళ్ళెమునిండ తీసుకొని, పూర్వము తన తల్లి పండ్లు పంపిన ఇంటి గుమ్మము ఎక్కినది. ఆ ఇంటి పెద్దావిడకు ఎనుబది దాటినవి. ఇదేమిటి అని అడిగినది. మామిడిపండూ పాలూ పిన్నిగారూ, మేమే వండినాము అన్నది మా సోదరి. ఆమె కొంతసేపు పళ్ళెము వంక చూచి, ఒక ముక్క నోట వేసుకొని, ఉన్న నాలుగు పండ్లతో మెల్లగా నమిలి, "పాకము కాస్త ముదిరింది అమ్మాయ్, వచ్చే ఏడు తొందరగా దించండి" అన్నది. పళ్ళెము ఖాళీ చేయించుకొని, అందులో తమ పెరటి జామకాయలు వేసి ఇచ్చినది.

మరుసటి ఏడు ఒక నిమిషము ముందే దించాము.