శామీర్‌పేట క్యాంపు

బలపరీక్షకు ముందు పార్టీలు తమ శాసనసభ్యులు చేజారకుండా వారిని ఒకచోట చేర్చి, ఎదుటి పక్షం కంటపడకుండా కాపలా కాయడాన్ని తెలుగునాట క్యాంపు రాజకీయం అంటారు. హైదరాబాద్‌కు ఉత్తరాన, మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోని శామీర్‌పేట 2024 ఫిబ్రవరిలో అలాంటి ఒక క్యాంపుకు చోటిచ్చింది. వచ్చినవారు మాత్రం జార్ఖండ్ ఎమ్మెల్యేలు.

ఆ ఏడాది జనవరి 31న ముఖ్యమంత్రి హేమంత్ సోరెన్ రాజీనామా చేయగా, ఆ రాత్రే ఈడీ ఆయన్ను అరెస్టు చేసింది. 81 మంది సభలో మెజారిటీకి 41 మంది కావాలి. పాలక కూటమికి ఉన్నవాళ్లను నిలుపుకోవడమే అప్పటి సమస్య. ఫిబ్రవరి 1న రాంచీలో ప్రయాణానికి సిద్ధమైనా పొగమంచు వల్ల విమానం కదల్లేదు. మర్నాడు చంపయీ సోరెన్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశాక, జేఎంఎం, కాంగ్రెస్ సభ్యులు ప్రత్యేక విమానాల్లో హైదరాబాద్ చేరి, శామీర్‌పేటలోని లియోనియా రిసార్టులో దిగారు. 4న వెనుదిరిగి, 5న సభలో 47-29 ఓట్లతో నెగ్గారు. ఎవరి కుర్చీ కోసం ఇంత కాపలా కాశారో ఆ చంపయీ సోరెనే అదే ఏడాది ఆగస్టు 30న బీజేపీలో చేరారు.

ఇంత దూరం రావడానికి కారణం తెలంగాణలో అప్పటికి రెండు నెలల వయసున్న కాంగ్రెస్ ప్రభుత్వం. క్యాంపుకు గదుల కంటే ముందు చూసేది ఆ ఊరి పోలీసులు ఎవరి మాట వింటారన్నదే. శామీర్‌పేటకు మిగతా వసతులూ ఉన్నాయి: ఒకవైపు ఔటర్ రింగ్ రోడ్డు, మరోవైపు కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి, గేటు మూస్తే ఊరికి సంబంధం లేని విశాలమైన ఆవరణలు.

ఈ విద్యలో తెలుగువాళ్లు కొత్తవారు కారు. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ను తప్పించి నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించినప్పుడు, తెలుగుదేశం ఎమ్మెల్యేలు రామకృష్ణా స్టూడియోలో, ఆపైన రామకృష్ణ హెగ్డే ఏలుబడిలోని కర్ణాటకలో తలదాచుకున్నారు. సరిగ్గా నెలకు ఎన్టీఆర్ తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. 1995 ఆగస్టులో ఆయన్నే దించిన క్యాంపు హుస్సేన్‌సాగర్ దగ్గరి వైస్రాయ్ హోటల్లో నడిచింది. 2018 మేలో కర్ణాటక వాళ్లు హైదరాబాద్ హోటళ్లకు వచ్చారు.

1985లో రాజ్యాంగానికి చేర్చిన పదో షెడ్యూలు ఫిరాయింపులను అడ్డుకుంటుందనుకున్నారు. 2003 సవరణ తర్వాత మూడింట రెండొంతుల మంది ఒప్పుకొనే విలీనానికి మాత్రమే అందులో మినహాయింపు మిగిలింది. చిల్లరగా వెళితే సభ్యత్వం పోతుంది, టోకుగా వెళితే నిలుస్తుంది. కాబట్టి బేరమూ టోకుకే మారింది, కాపలా కూడా. ఈ షెడ్యూలును పాఠంగా చెప్పే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నదీ శామీర్‌పేటలోనే కావడం కాకతాళీయం.

ఐరోపా, అమెరికా పెద్దలు 1954 నుంచి తలుపులు మూసుకుని జరుపుకునే బిల్డర్‌బర్గ్ సమావేశాలతో దీన్ని పోల్చవచ్చు గానీ, అక్కడ దాచేది మాటలను. శామీర్‌పేటలో ఎవరు దిగారో అదే రోజు టీవీల్లో వచ్చింది. క్యాంపుల్లో బయటపడనిది ఖర్చు. విమానాల అద్దె, గదుల బిల్లు ఎవరి జేబులోంచి వచ్చాయో విడిగా చెప్పాల్సిన పద్దు చట్టంలో లేదు. పార్టీలకు ధనవంతులిచ్చే విరాళాలే 2018 నుంచి ఎన్నికల బాండ్ల చాటున నడిచాయి. జార్ఖండ్ బలపరీక్ష జరిగిన పది రోజులకు, 2024 ఫిబ్రవరి 15న, సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. మార్చిలో పేర్లు బయటికొచ్చేసరికి రూ. 966 కోట్ల బాండ్లతో హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్ దేశంలో రెండో స్థానంలో కనిపించింది.

అభ్యర్థి ఖర్చుకు మాత్రం పరిమితి ఉంది, లెక్కా చెప్పాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్ కింద ఆ లెక్క నామినేషన్ రోజున మొదలై ఫలితం ప్రకటించిన రోజుతో ముగుస్తుంది. ఎమ్మెల్యేల క్యాంపులు వేసేది ఆ తర్వాతే.