దేశంలో ‘సాధారణం’, మన పొలంలో కరువు: వాన లెక్క ఎలా చదవాలి?

‘ఈ ఏడాది వర్షపాతం సాధారణం’ అని వార్తల్లో వింటాం. మన బావిలోకి తొంగి చూస్తే నీళ్లుండవు. వేర్వేరు రాష్ట్రాల్లో తరాలుగా స్థిరపడిన మనందరికీ వాన ఒకే కాలంలో రాదు. కాబట్టి ఆ ‘సాధారణం’ ఏ కాలానిదో ముందు తెలుసుకోవాలి.

సాధారణం అంటే

జూన్ నుంచి సెప్టెంబరు దాకా దేశం మొత్తం మీద కురిసే నైరుతి వానకు భారత వాతావరణ శాఖ కట్టిన దీర్ఘకాల సగటు 87 సెంటీమీటర్లు. ఇది 1971-2020 మధ్య 50 ఏళ్ల లెక్క. అందులో 96 నుంచి 104 శాతం కురిస్తే సాధారణం అంటారు. 1951-2000 లెక్కలో ఈ సగటు 89, 1961-2010 లెక్కలో 88. కొన్ని దశాబ్దాలు తడిగా, కొన్ని పొడిగా నడవడం రుతుపవనాలకు సహజమే. ఈ కొద్ది తగ్గుదలను చూసి వానలు పోయాయని అనుకోకూడదు.

మన వాన ఏది?

మహారాష్ట్ర, ఒడిశా, కర్ణాటకల్లో ప్రధానంగా నైరుతి వానే. తమిళనాడుకు మాత్రం ఏడాది వానలో దాదాపు సగం అక్టోబరు-డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. కోవిల్‌పట్టి వైపు నల్లరేగడి చేలకు అదే ఆధారం. మృగశిర కార్తెలో ఏరువాక సాగే లెక్క అక్కడ పనికిరాదు.

రెండేళ్లు చెప్పిన పాఠం

2015లో ఎల్ నినో వల్ల దేశంలో నైరుతి వాన 86 శాతమే కురిసింది. అదే ఏడాది ఈశాన్య వానలకు చెన్నై మునిగింది. మరుసటి ఏడాది నైరుతి వాన 97 శాతం, అంటే దేశానికి సాధారణం. కానీ తమిళనాడులో ఈశాన్య వాన 62 శాతం తగ్గింది. 2017 జనవరిలో ఆ రాష్ట్రంలోని అన్ని జిల్లాలనూ కరువు జిల్లాలుగా ప్రకటించారు.

మారుతున్నది ఏమిటి?

మధ్య భారతంలో 1951-2000 మధ్య వానలను పరిశీలిస్తే కుండపోతలు పెరిగాయి, ఓ మోస్తరు వానలు తగ్గాయి. మొత్తంలో మాత్రం పెద్ద తేడా లేదు. సగటు చూస్తే ఈ మార్పు కనబడదు. 2023 డిసెంబరులో తూత్తుకుడి జిల్లా కాయల్‌పట్టణంలో ఒక్క రోజులో 95 సెంటీమీటర్లు కురిసింది. అంత వాన ఒక్కసారి పడితే నేలలోకి ఇంకదు. చెరువు కట్టను తెంచుకుపోతుంది.

మనం చేయగలిగింది

పెద్దలు కార్తెలవారీగా వాన గుర్తుపెట్టుకునేవారు. మనం దాన్ని కాగితం మీద పెడదాం. తేదీ, కార్తె, ఎన్ని మిల్లీమీటర్లు అన్నది రాస్తే చాలు. రోజుకు 2.5 మిల్లీమీటర్లు దాటితే వాన రోజు కింద లెక్క. వాన రోజులు ఎన్ని, రెండు వానల మధ్య ఎడం ఎంత అన్నవే విత్తనం బతుకుతుందో ఎండుతుందో తేలుస్తాయి. రెండు మూడేళ్ల లెక్కతో తీర్పు చెప్పలేం. ముప్పై ఏళ్లయినా కావాలి. అందుకే ఆ పుస్తకం పిల్లలకూ అప్పగించాలి.