టిండాల్ నుంచి మేస్త్రీ దాకా: అండమాన్‌లో పెత్తనం పెరిగింది, నాయకత్వం పెరగలేదు

2024లో శ్రీ విజయ పురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, అబర్డీన్ బజార్ గడియార స్తంభం దగ్గర తెలుగు మాట చెవిన పడటం వింతేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. చేపల వేటకో, కూలికో, తాపీ పనికో ఉత్తరాంధ్ర తీరం నుంచి సముద్రం దాటి వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు వీరిలో చాలామంది. ఈ కుర్రకారులోంచి రేపు పనిని నడిపించేవాళ్లు ఎలా తయారవుతారో తెలియాలంటే, దీవుల్లో పని చేయించే పద్ధతి ఎక్కడ పుట్టిందో ముందు చూడాలి. పెత్తనం చేసేవాళ్లను తయారుచేయడం ఇక్కడ మొదటినుంచీ జరిగింది. నాయకులను తయారుచేయడం మాత్రం ఎవరూ తమ బాధ్యతగా తీసుకోలేదు.

1858 మార్చిలో బ్రిటిష్ అధికారి జేమ్స్ పాటిసన్ వాకర్ శిక్షాస్థావరం పెట్టడానికి 200 మంది ఖైదీలతో ఇక్కడ దిగాడు. కాపలాకు తగినంతమంది సిబ్బంది లేనప్పుడు ఖైదీల మీద ఖైదీలనే పెట్టడం చవకైన ఉపాయం. అలా వార్డర్, పెటీ ఆఫీసర్, టిండాల్, జమాదార్ అనే మెట్లు ఏర్పడ్డాయి. 1883లో అటవీ శాఖ, ఛాతం సామిల్లు వచ్చాక అడవిలో చెట్టు నరకడం, దుంగ లాగడం, పలకలు కోయడం కూడా ఖైదీల రెక్కల మీదే నడిచాయి. ఈ పద్ధతి అసలు రూపం 1906లో పూర్తయిన సెల్యులర్ జైలులో కనిపిస్తుంది. గానుగకు కట్టిన ఖైదీ రోజుకు 30 పౌండ్ల కొబ్బరినూనె తీయాలి. సాయంత్రం నూనె తూస్తారు, తక్కువైతే శిక్ష. గానుగ ఎందుకు బిగుసుకుంది, కొబ్బరి పచ్చిగా ఉందా, మనిషికి జ్వరమా అని అడగడం పెటీ ఆఫీసర్ పని కాదు. అతని పదవి తూకం మీద, పైవాడి దయ మీద ఆధారపడి ఉంది. కింది మనిషి ఎదిగితే అతనికి ఒరిగేదేమీ లేదు, పైగా పోటీ పెరుగుతుంది. ఫలితాన్ని మాత్రమే కొలిచి, ఆ ఫలితం ఎలా వచ్చిందో అడగకపోవడం నేటి మేనేజ్‌మెంటుకూ పాత జబ్బే. ఇక్కడ అది కొరడాతో సహా కనిపిస్తుంది.

కింది స్థాయి నుంచి మనుషులను పైకి తేవడం మంచిదే కదా, తప్పేముంది అని ఎవరైనా అడగవచ్చు. ఆ సూత్రంలో నిజంగానే తప్పు లేదు. సింగపూర్‌లోనూ భారతీయ ఖైదీల మీద ఖైదీలే కాపలా ఉన్నారు. ఆ పద్ధతి గురించి బ్రిటిష్ అధికారి మెక్‌నెయిర్ 1899లో ఏకంగా పుస్తకమే రాశాడు. అక్కడి ఖైదీలకు ఇటుక కాల్చడం, తాపీ, వడ్రంగం నేర్పారు, వాళ్ల చేతుల మీదుగానే సెయింట్ ఆండ్రూస్ కేథడ్రల్ లేచింది. అదీ బందిఖానాయే, దాన్ని ఆదర్శమని పొగడనక్కర్లేదు. అయినా పని నేర్చిన మనిషికి పెద్దరికం ఇవ్వడం వేరు, భయపెట్టగలిగిన మనిషికి ఇవ్వడం వేరు. అండమాన్ జైలు రెండో దారి పట్టింది.

నాయకత్వానికి తగిన మనుషులే అక్కడ లేరనుకుంటే పొరపాటు. 1933లో రాజకీయ ఖైదీల నిరాహార దీక్షలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మొయిత్రా ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత పుస్తకాలు, దీపాలు వంటి సౌకర్యాలు కొన్ని దక్కాయి. 1935 నాటికి యువ ఖైదీలు కమ్యూనిస్టు కన్సాలిడేషన్ అనే సంఘంగా ఏర్పడి చరిత్ర, అర్థశాస్త్రం పాఠాలు చెప్పుకున్నారు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన భయంకరాచారి వంటి తెలుగువారూ ఆ జైలు చూశారు. అల్లూరి అనుచరుడు గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి 1937లో విడుదలయ్యాడు, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ప్రమాదకారి అని పెటీ ఆఫీసర్ వ్యవస్థ పక్కన పెట్టిన మనిషినే బయటి జనం ప్రతినిధిగా ఎన్నుకున్నారు. ఒకే ప్రాంగణంలో జైలు తూకం వేసి పెత్తందార్లను తయారుచేస్తుంటే, ఖైదీలు చదువు, చర్చ, ఒకరికొకరు జవాబుదారీ కావడం అనే పద్ధతిలో నాయకులను తయారుచేసుకున్నారు.

స్వాతంత్ర్యం వచ్చాక సంకెళ్లు పోయాయి కానీ పని చేయించే తీరు పెద్దగా మారలేదు. 1918 నుంచే రాంచీ ప్రాంతపు ఆదివాసులను అడవి కూలీలుగా తెస్తూ వచ్చారు. తరాలు గడిచినా వారిని రాంచీ కూలీలుగానే చూశారు. 1951లో ఉత్తర అండమాన్ అడవులు పి.సి.రే కంపెనీ చేతికి వెళ్లాయి. ప్లైవుడ్, అగ్గిపుల్లల చెక్క పరిశ్రమలు ఎదిగాయి. 1977లో అటవీ, తోటల అభివృద్ధి కార్పొరేషన్ ఏర్పడింది. వీటన్నిటికీ పెట్టుబడి ఒకటే, నిలబడి ఉన్న చెట్టు. దీవుల అడవులను పరిశీలించిన శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక మీద 2002 మే 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు నరికివేతకు గట్టి కళ్లెం వేసింది. దాంతో ప్లైవుడ్ ఫ్యాక్టరీలు చల్లబడ్డాయి. 2017లో కార్పొరేషన్ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. కోర్టు ఉత్తర్వే పరిశ్రమను ముంచిందనేవారున్నారు. చెట్టు తరిగిపోతోందని ముందే తెలిసినా, చెట్టు తర్వాత ఏమిటని ఆలోచించే రెండో తరాన్ని పెంచకపోవడమే అసలు తప్పని నా వాదన. ఉత్తర్వు ఆ లోటును బయటపెట్టింది, అంతే.

ఇప్పుడు పని అడవిలోంచి కట్టుబడిలోకి, టూరిజంలోకి మారింది. స్లాబు పోసే రోజు ఏ సైటుకైనా వెళ్లి చూడండి. కాంక్రీటులో నీళ్లు ఎన్ని పోయాలి, సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలి అన్నీ మేస్త్రీ నోటిమాటే. గమేళా అందించే కుర్రాడు ఎన్ని స్లాబులు చూసినా నీళ్లు ఎక్కువైతే బలం ఎందుకు తగ్గుతుందో అతనికి ఎవరూ చెప్పరు. ఏళ్లు గడిచాక పనితనం బాగున్నందుకు అతన్నే మేస్త్రీని చేస్తారు. కొలతల పుస్తకం, కూలి లెక్క, తలకు హెల్మెట్, ఇంజనీరుతో మాట్లాడే తీరు, ఇవేవీ నేర్పకుండానే. అప్పుడు చేతిలో ఉన్న మంచి తాపీ పనివాడు పోతాడు, తడబడే మేస్త్రీ మిగులుతాడు. నేర్పే తీరిక ఎవరికుంది, నేర్పినా రేపు ఇంకొకరి దగ్గరికి పోతాడుగా అని కాంట్రాక్టర్లు అంటారు. ఆ భయంలో న్యాయం ఉంది. కానీ ఎవరూ నేర్పకపోతే నేర్చినవాడు ఎవరి దగ్గరా దొరకడు. సరుకు ఓడలో తెచ్చుకున్నట్టు సూపర్‌వైజర్లనూ బయటినుంచి తెచ్చుకోవాల్సిందే.

దీనికి పెద్ద సంస్కరణలు అక్కర్లేదు. కుర్రాడికి వారానికి ఒక చిన్న నిర్ణయం అప్పగించి, అది తప్పితే శిక్షించకుండా ఎందుకు తప్పిందో కూర్చోబెట్టి చెప్పాలి. మేస్త్రీని ఎన్ని స్లాబులు పోయించావని అడగడంతో ఆపకుండా, నీ చేతి కింద ఎంతమంది మేస్త్రీలయ్యారని కూడా అడగాలి. ఆ రెండో ప్రశ్నకు డబ్బు, గుర్తింపు ముడిపెట్టిన రోజున కింది మనిషి ఎదుగుదల పైవాడికి పోటీగా కాక ఆస్తిగా కనిపిస్తుంది. టిండాల్ కాలం నుంచీ లోపించింది సరిగ్గా ఆ లెక్కే.