మన్యం జ్వరానికి పటం

తూర్పు కనుమల జ్వరాలను పటం మీదికి ఎక్కించే పని అరకు లోయకు రైలు రాకముందే మొదలైంది. 1839 చట్టంతో విశాఖ ఏజెన్సీని మామూలు పాలన నుంచి విడదీసిన మద్రాసు ప్రభుత్వానికి మన్యం జ్వరమంటే హడలు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాక, నింద చెడుగాలి మీంచి దోమ మీదికి మళ్లింది. అక్కడినుంచి ఏ నీటిలో ఏ దోమ పుడుతోందన్నదే అసలు ప్రశ్న.

క్రిస్టఫర్స్, సింటన్ 1926లో వెలువరించిన భారత మలేరియా పటం అడవి కొండలను తీవ్ర మలేరియా ప్రాంతాలుగా విడిగా చూపింది. అది గొప్ప పనే. కానీ దేశమంత పటంలో అరకు దగ్గరి డుంబ్రిగుడ చుక్కకు కూడా నోచుకోదు. ఈ కొండల్లో మలేరియాను మోసే ప్రధాన దోమ అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్. మెల్లగా పారే గెడ్డల్లోనూ, మెట్టుమెట్టుగా చెక్కిన వరి మళ్ల ఊటనీటిలోనూ అది గుడ్లు పెడుతుంది. గెడ్డను ఆనుకున్న గూడెం వణికిపోతుంటే, అదే పంచాయతీలో పై గట్టు మీది గూడెం నిబ్బరంగా ఉండవచ్చు.

1953లో మలేరియా నియంత్రణ, 1958లో నిర్మూలన కార్యక్రమం వచ్చాయి. నిర్మూలన పద్ధతిలో ఇళ్లకు నంబర్లు వేయడం, ఊరి నక్ష చేత్తో గీయడం, ఆపై డీడీటీ కొట్టడం వరుస. నేటి కంప్యూటర్ పటాల పద్ధతి జీఐఎస్‌కు నిజమైన పూర్వీకులు ఆ చేతి నక్షలే. ఫలితం మాత్రం నిలవలేదు: 1961లో దేశంలో సుమారు 50 వేలకు దిగిన కేసులు 1976లో 64 లక్షలు దాటాయి.

పుదుచ్చేరిలో 1975లో ఏర్పడిన వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ అరకు పొరుగున ఉన్న కోరాపుట్‌లో పరిశోధనలు సాగించింది, దోమల శాస్త్రంలో పీజీ చదువూ నడిపింది. 1988లో ఐఆర్‌ఎస్-1ఏ ఉపగ్రహంతో మన సొంత చిత్రాలు హైదరాబాద్‌లోని రిమోట్ సెన్సింగ్ సంస్థకు అందసాగాయి. 2008లో అదే నగరంలో ప్రజారోగ్య సంస్థ ఐఐపీహెచ్ వెలిసింది. పటం చదివేవారు ఒక సంస్థలో, రోగం చదివేవారు మరో సంస్థలో ఉండిపోవడం రోగాల పటాల చదువుకు పెద్ద లోటు.

మన్యం లెక్కలు పట్టే విద్యార్థి ముందు నేర్వవలసింది అంకెల మోసం. ఏడాదికి వెయ్యి జనాభాకు ఎన్ని కేసులన్నది మలేరియా సూచిక. అరవై మంది ఉన్న గూడెంలో ఒక్క కేసు వచ్చినా అది 16.7కు ఎగబాకుతుంది, అందుకే కొన్నేళ్ల లెక్క కలిపి చూడాలి. దూరమూ అంతే. పటం మీద ఐదు కిలోమీటర్ల ఆసుపత్రి, రోగిని డోలీలో మోసేవారికి సగం రోజు దారి కావచ్చు. వాలు, వాగు, కాలిబాట కలిపి ప్రయాణకాలం లెక్కిస్తేనే నిజం తెలుస్తుంది.

హద్దుల చిక్కు వేరు. 1985లో మండలాలు వచ్చాయి, 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. పాత రికార్డులు తాలూకా, విశాఖ జిల్లా పేర్లతో ఉంటాయి. వాటిని గూడెం స్థాయికి విడదీసి, అక్షాంశ రేఖాంశాలు జోడించాకే పాతకొత్తలను పోల్చడం కుదురుతుంది.