ఎన్‌ఎఫ్-కప్పా-బి

ఎన్‌ఎఫ్-కప్పా-బి అనేది జన్యువుల పనిని నియంత్రించే ప్రొటీన్ల కుటుంబం. ఇలాంటి ప్రొటీన్లను ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు లేదా అనులేఖన కారకాలు అంటారు. ఒంట్లోకి సూక్ష్మజీవి చొరబడినప్పుడు, కణజాలం దెబ్బతిన్నప్పుడు వాపు పుట్టించే జన్యువులు, రోగనిరోధక కణాలను రప్పించే జన్యువులు, కణాలను చావు నుంచి కాపాడే జన్యువులు వందల సంఖ్యలో దీని ఆదేశంతో పనిలోకి దిగుతాయి. పని ముగిశాక ఇది ఆగిపోవాలి. ఆగకపోతే దీర్ఘకాలిక వాపు జబ్బులు వస్తాయి. అసలు పనిచేయకపోతే మామూలు సూక్ష్మజీవులు కూడా ప్రాణాల మీదికి తెస్తాయి.

ఆవిష్కరణ, నిర్మాణం

రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ 1986లో అమెరికాలో దీన్ని కనుగొన్నారు. బి కణాల్లో యాంటీబాడీ తాలూకు కప్పా గొలుసు జన్యువు దగ్గర డీఎన్‌ఏను పట్టుకునే ప్రొటీన్‌గా ఇది మొదట బయటపడింది. దాదాపు అన్ని రకాల కణాల్లోనూ ఉంటుందని తర్వాత తేలింది. మనుషుల్లో ఈ కుటుంబానికి చెందినవి ఐదు: రెల్-ఎ, రెల్-బి, సి-రెల్, పి50, పి52. ఇవి జంటలుగా పనిచేస్తాయి. ఎక్కువగా కనిపించేది రెల్-ఎ, పి50ల జంట. ఐదింటిలోనూ సుమారు 300 అమైనో ఆమ్లాల ఉమ్మడి భాగం ఒకటుంది. జతకట్టడానికీ, డీఎన్‌ఏను పట్టుకోవడానికీ అదే ఆధారం.

పనిచేసే తీరు

మామూలు వేళల్లో ఐ-కప్పా-బి అనే నిరోధక ప్రొటీన్ ఈ జంటను కణద్రవ్యంలోనే బంధించి ఉంచుతుంది. కణం ఉపరితలంపై ఉండే టోల్ తరహా గ్రాహకాలు బ్యాక్టీరియా భాగాలను గుర్తించగానే, లేదా టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 వంటి సంకేతాలు అందగానే, ఐకేకే అనే ఎంజైమ్ సముదాయం మేల్కొంటుంది. ఇందులో ఐకేకే-ఆల్ఫా, ఐకేకే-బీటా, నెమో అనే మూడు భాగాలుంటాయి. ఇది ఐ-కప్పా-బికి ఫాస్ఫేట్‌ను జోడిస్తుంది. అలా గుర్తుపడిన నిరోధకాన్ని ప్రోటియాజోమ్ ముక్కలు చేసేస్తుంది. బంధం వీడిన ఎన్‌ఎఫ్-కప్పా-బి కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను పనిచేయిస్తుంది. కొత్త ప్రొటీన్ తయారయ్యేదాకా ఆగక్కర్లేదు కనుక ఇదంతా నిమిషాల్లో జరిగిపోతుంది.

ఆపే ఏర్పాటు కూడా ఇందులోనే ఉంది. ఎన్‌ఎఫ్-కప్పా-బి పనిచేయించే జన్యువుల్లో ఐ-కప్పా-బి జన్యువు ఒకటి. కొత్తగా తయారైన నిరోధకం కేంద్రకంలోకి వచ్చి ఎన్‌ఎఫ్-కప్పా-బిని తిరిగి వెలుపలికి తీసుకుపోతుంది. ఏ20 అనే మరో ప్రొటీన్ పై నుంచి వచ్చే సంకేతాలను అణచివేస్తుంది.

ఎన్‌ఎఫ్-కప్పా-బి మేల్కొనే రెండో మార్గం నెమ్మదైనది. అందులో పి100 అనే పెద్ద ప్రొటీన్ తెగి పి52గా మారుతుంది. శోషరస గ్రంథులు రూపుదిద్దుకోవడానికీ, బి కణాలు బతకడానికీ ఈ మార్గం కావాలి.

వాపులో పాత్ర

టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6, కాక్స్-2 ఎంజైమ్, రక్తనాళాల గోడలకు తెల్లరక్తకణాలు అంటుకునేలా చేసే ఐకామ్-1 మొదలైనవి ఈ కారకం ఆదేశంతో తయారవుతాయి. జ్వరం, నొప్పి, ఎరుపు, వాపు వీటి ఫలితమే. ఎన్‌ఎల్‌ఆర్‌పి3 ఇన్‌ఫ్లమేజోమ్ అనే కణాంతర యంత్రాంగానికి అవసరమైన ప్రొటీన్ల తయారీకి కూడా ఇదే నాంది పలుకుతుంది. ఇన్‌ఫ్లమేజోమ్‌ల పరిశోధనలో పేరొందిన వారిలో కొత్తగూడేనికి చెందిన కన్నెగంటి తిరుమలాదేవి ఒకరు. ఆమె అమెరికాలోని సెయింట్ జూడ్ పిల్లల పరిశోధనాసుపత్రిలో ఈ పరిశోధనలు చేశారు.

క్షయ, మదనపల్లె

ఈ కారకం చేసే మేలూ కీడూ రెండూ క్షయలో స్పష్టంగా కనిపిస్తాయి. క్షయ చికిత్స చరిత్రలో మదనపల్లెకు ప్రత్యేక స్థానం ఉంది. పట్టణానికి దగ్గర్లోని ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం మొదలైంది. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దాన్ని నడిపించారు. 1948లో దేశంలో బీసీజీ టీకాలు మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. 1950 నుంచి ఆ పట్టణంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ జనాభా మొత్తాన్ని పరిధిలోకి తీసుకుని, ట్యూబర్‌క్యులిన్ పరీక్షలు, ఎక్స్‌రేలతో క్షయ అధ్యయనం సాగింది. అప్పటికి ఎన్‌ఎఫ్-కప్పా-బి సంగతి ఎవరికీ తెలియదు. కానీ ట్యూబర్‌క్యులిన్ సూది వేసిన చోట రెండు మూడు రోజులకు లేచే గట్టి వాపులో దీని పాత్ర ఉంది. గతంలో క్షయ క్రిమిని ఎదుర్కొన్న టి కణాలు విడుదల చేసే టీఎన్‌ఎఫ్ వంటి సంకేతాలకు రక్తనాళాల గోడల్లో ఎన్‌ఎఫ్-కప్పా-బి మేల్కొని, తెల్లరక్తకణాలను అక్కడికి రప్పిస్తుంది.

ఊపిరితిత్తుల్లో క్షయ క్రిమిని మింగిన మ్యాక్రోఫేజ్‌లలోనూ ఇదే మార్గం తెరుచుకుంటుంది. అప్పుడు తయారయ్యే టీఎన్‌ఎఫ్, క్రిమి చుట్టూ కణాలు గూడు కట్టి నిలిచేలా చేస్తుంది. ఆ గూడే గ్రాన్యులోమా. కీళ్లవాతానికి టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందులు వాడిన కొందరిలో, అణగి ఉన్న క్షయ తిరగబెట్టినట్టు 2001లో వెల్లడైంది. అందుకే ఆ మందులు మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష చేస్తారు. మరోవైపు, వాపు హద్దు మీరితే అదే ఊపిరితిత్తులను, మెదడు పొరలను దెబ్బతీస్తుంది. అందుకే మెదడు పొరల క్షయలో క్రిమిని చంపే మందులతోపాటు వాపును తగ్గించే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ కూడా ఇస్తారు.

ఇతర జబ్బులు

నెమో జన్యువు ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉంటుంది. అందులో లోపంతో పుట్టిన మగపిల్లల్లో కొందరికి చెమట గ్రంథులు, పళ్లు సరిగా ఏర్పడవు, రోగనిరోధక శక్తి కూడా తక్కువగా ఉంటుంది. క్షయ జాతి క్రిములు వీరికి సులభంగా సోకుతాయి. ఏ20 లోపమున్నవారిలో ఇందుకు విరుద్ధంగా చిన్న వయసులోనే వాపు జబ్బులు మొదలవుతాయి. కీళ్లవాతం, పేగువాపు, సోరియాసిస్‌లలో ఈ మార్గం నిరంతరం పనిచేస్తూ ఉంటుంది. కొన్ని లింఫోమాలలోనూ, మల్టిపుల్ మైలోమాలోనూ క్యాన్సర్ కణాలు బతికి బట్టకట్టడానికి దీన్నే వాడుకుంటాయి. హెచ్‌ఐవీ జన్యుపదార్థంలో కూడా ఎన్‌ఎఫ్-కప్పా-బి అతుక్కునే చోట్లున్నాయి. క్షయ సోకినప్పుడు ఈ కారకం చురుకై, వైరస్ వేగంగా పెరగడానికి తోడ్పడుతుంది.

చికిత్స

డెక్సామెథాసోన్ వంటి స్టెరాయిడ్లు వాపును తగ్గించే మార్గాల్లో ఎన్‌ఎఫ్-కప్పా-బిని అణచడం ఒకటి. మల్టిపుల్ మైలోమాకు అమెరికాలో 2003లో అనుమతి పొందిన బోర్టెజోమిబ్ ప్రోటియాజోమ్‌ను అడ్డుకుంటుంది. దాంతో ఐ-కప్పా-బి నాశనం కాకుండా నిలుస్తుంది. టీఎన్‌ఎఫ్ నిరోధకాలు ఈ మార్గాన్ని మేల్కొలిపే సంకేతాల్లో ఒకదాన్ని మాత్రమే ఆపుతాయి. ఎన్‌ఎఫ్-కప్పా-బిని ఒళ్లంతటా పూర్తిగా ఆపేస్తే అంటురోగాలను ఎదుర్కొనే శక్తి పోతుంది, కాలేయ కణాల వంటివి చావుకు లోనవుతాయి. రెల్-ఎ లేని ఎలుకలు కాలేయ కణాలు చనిపోయి గర్భంలోనే మరణించాయి. అందుకే పరిశోధనలు దీన్ని మొత్తంగా ఆపడం కంటే, ఏ కణంలో ఏ సంకేతం జబ్బుకు కారణమవుతోందో గుర్తించి దాన్నే అదుపు చేయడంపై సాగుతున్నాయి.